కంప్యూటర్ నిద్రపోయిన వేసవి

రెండు వేల ఏడు ఎండాకాలమంతా నేను ఒక పసుపురంగు ముఖాన్ని చూస్తూ బతికాను. శనగగింజంత ముఖం. మెసెంజర్‌లో మా అమ్మాయి హైందవి పేరు పక్కన ఉండేది. ఇంట్లో కంప్యూటర్ పలుకుతున్నంతసేపు అది పసుపుగా నవ్వేది. పలకడం మానేస్తే బూడిదరంగుకి తిరిగేది. పసుపుగా ఉన్నప్పుడు నేను అమీర్‌పేటలో పేరున్న ఒరాకిల్ మాస్టారిని. బూడిదయ్యాక నేనసలు మనిషినే కాను.

మైత్రీవనం వెనక సందులో, మూడో అంతస్తులో మా ఇన్‌స్టిట్యూట్. రోజుకి ఐదు బ్యాచ్‌లు. కూర్చోడానికి కుర్చీలు చాలక పిల్లలు కిటికీ గట్టు మీద కూడా కూర్చుని రాసుకునేవాళ్లు. ఇల్లు పంజాగుట్టలో. నా భార్య ఉదయలక్ష్మి బేగంపేటలో ఒక కంపెనీలో చేసేది. పొద్దున తొమ్మిదికి క్యాబ్ ఎక్కితే సాయంత్రం ఏడుకి దిగేది. పగలు ఇంట్లో ఉండేది మా అమ్మ ఛాయాదేవి, అప్పుడే ఆరో తరగతి పరీక్షలు అయిపోయిన హైందవి.

లెక్కల పరీక్ష రాసొచ్చిన మధ్యాహ్నం, పెరుగన్నం తింటూ తింటూ పిల్ల పక్కకి ఒరిగిపోయింది. ఆటలాడుతోందనుకుని నేను నవ్వాను కూడా. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత. కాళ్లూ చేతులూ కొట్టుకుంటుంటే అమ్మ పరుగున పోయి బీరువా తాళాలు తెచ్చి దాని గుప్పిట్లో పెట్టింది. రెండు నిమిషాల్లో తగ్గింది. నాకు మాత్రం రెండేళ్లు గడిచినట్టయింది.

డాక్టరు గారు నిదానంగా చెప్పారు. “మందులు మానకూడదు. కొన్నాళ్లు ఒంటరిగా వదలొద్దు, బాత్‌రూమ్ గడియ పెట్టుకోనివ్వద్దు. మళ్లీ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టకండి. టైం చూసుకోండి, ఐదు నిమిషాలు దాటితే తీసుకొచ్చెయ్యండి. తాళాలతో పని లేదమ్మా.” చివరి మాట అమ్మకి. అమ్మ తలూపింది గానీ తాళాలు కొంగుకి ముడేసుకునే ఉంది.

ఆ సాయంత్రం ఇంట్లో పంచాయితీ.

“ఈ మాట గడప దాటకూడదు,” అంది అమ్మ. “ఆడపిల్ల. పదేళ్లు పోతే దాన్ని చూడ్డానికొచ్చినవాళ్ల చెవిలో ఎవరేం వేస్తారో మనకి తెలీదు. లోకానికి జబ్బు నయమైన సంగతి గుర్తుండదు, వచ్చిన సంగతే గుర్తుంటుంది.”

“కనీసం ఎదురింటి ఇక్బాల్ బేగం గారికైనా చెబుదామండీ,” అంది ఉదయ నా వైపు చూసి. “పగలు మనిద్దరం ఇంట్లో ఉండం. అత్తయ్య గారికి మోకాళ్లు సహకరించవు. ఏదైనా అయితే?”

ఇక్బాల్ బేగం గారు మా తలుపుకి ఎదురు తలుపు. ప్రభుత్వ బళ్లో టీచరుగా చేసి రిటైరైన మనిషి, ఒక్కరే ఉండేవారు. మా రెండు తలుపుల మధ్య నాలుగడుగులు కూడా లేదు.

“కొన్నాళ్లు ఆగుదాం ఉదయా,” అన్నాను. “నేను చూసుకుంటాగా.”

చూసుకోవడమంటే నిజంగానే చూసుకోవడం. ఆ వారమే కంప్యూటర్‌కి కెమెరా కొన్నాను. ఇన్‌స్టిట్యూట్‌లో కూర్చుని మెసెంజర్ తెరిస్తే ఇంట్లో పిల్ల గది కనిపించేట్టు పెట్టాను. చిక్కల్లా ఎక్కడ వచ్చిందంటే, ఇంటర్నెట్ పెట్టె హాల్లో ఫోను దగ్గరుంది, పిల్ల ఉండేది లోపలి గదిలో. వైరు లాగాలంటే గోడకి చిల్లు పెట్టాలి, ఓనరు గారు మేకు కొడితేనే ఇల్లు ఖాళీ చెయ్యమనే రకం. నేల మీదుగా లాగాలంటే గడప దాటాలి. మా అమ్మ అద్దింట్లో కూడా గదిగదికీ గడపలు కడిగి పసుపు రాసి బొట్లు పెట్టే మనిషి.

“గడప మీద నల్లతాడు లాక్కుని, దాన్ని తొక్కుకుంటూ తిరగాలా? కుదరదు,” అంది.

దాంతో వైర్‌లెస్ పెట్టాను. మొదటిరోజు స్వర్గం. పదకొండింటికి మెసెంజర్ తెరిస్తే మా పిల్ల బల్ల ముందు కూర్చుని నెమలికి రంగులు వేసుకుంటోంది. కళ్లారా చూసుకుని క్లాసుకి పోయాను. క్లాసయ్యాక వచ్చి చూస్తే పసుపుముఖం బూడిదయింది. నొక్కినా పలకదు. స్కూటరెక్కి, అందరినీ తప్పించుకుంటూ ఇంటికొచ్చి పడ్డాను. పిల్ల హాల్లో కూర్చుని మామిడికాయ ముక్కలకి ఉప్పూకారం అద్దుకు తింటోంది.

“ఏంటి నాన్నా, క్లాస్ లేదా?”

“గ్యాస్ బండ వస్తుందేమోనని,” అన్నాను.

అప్పట్నుంచి అదే వరస. నేను చూస్తున్నంతసేపూ కంప్యూటర్ బుద్ధిగా ఉండేది. నేను చూడ్డం మానేసి, పిల్ల కూడా దాని ముందు నుంచి లేచిపోతే, పావుగంటకో ఇరవై నిమిషాలకో మాయం. ఏ యంత్రమైనా పని చెబితే అలిసిపోతుందని విన్నాను గానీ, పని లేకపోతే పారిపోయేదాన్ని అప్పుడే చూశాను. వారంలో మూడుసార్లు ఇంటికి పరుగెత్తాను. ఇన్‌స్టిట్యూట్‌లో ఒకసారి స్కూటర్ పంక్చరన్నాను, ఒకసారి బ్యాంకు పనన్నాను, ఒకసారి నిక్షేపంగా ఉన్న బాబాయికి ఒంట్లో బాలేదన్నాను. పంజాగుట్ట చౌరస్తా ఆ ఏడు ఫ్లైఓవర్ కోసం తవ్వి పోసి ఉండేది. పది నిమిషాల దారి ఒక్కోసారి అరగంట. ఆ అరగంటా ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని, ముందున్న ఆటోవాళ్ల వీపుల్ని తిట్టుకుంటూ కూర్చునేవాణ్ణి.

మా ల్యాబు చూసే ఐలయ్యని అడిగాను చివరికి. నలభై ఏళ్లుంటాయి, డిగ్రీ లేదు, అమీర్‌పేటలో అతని చేతిలో బాగుపడని యంత్రం లేదు.

“గా కంప్యూటర్ నిద్రవోతుంది సార్,” అన్నాడు ఐలయ్య. “పని లేకుంటే కరెంటు బచాయించనీకి పండుకుంటది. సెట్టింగుల్ల ‘ఎన్నడూ పండుకోవద్దు’ అని పెట్టుండ్రి.”

ఇంటికి వెళ్లి పెట్టాను. ఒకరోజు బాగానే ఉన్నట్టనిపించింది. మర్నాడు మళ్లీ బూడిద.

“గట్లయితే కంప్యూటర్ మేలుకునే ఉంది గని, వైర్‌లెస్ కార్డు పండుకుంటుందేమో. గా కార్డు చూడాలె. నేను ఒకపారి ఇంటికొస్త. ఏం పని సార్ దానితోని, గింత పరేషాన్ అయితున్నరు?”

ఐలయ్య ఇంటికొస్తే ఆ గది చూస్తాడు. మంచం చుట్టూ పరిచిన పరుపులు చూస్తాడు, గోడకి అంటించిన మందుల టైంటేబుల్ చూస్తాడు. “ఏవో ఫైళ్లులే ఐలయ్యా, అంత తొందరేం లేదు,” అన్నాను.

“ఫైళ్లకయితే పెన్‌డ్రైవుల ఏసుకొస్తే అయిపాయె గద సార్,” అని నవ్వి, అతను తన పనిలో పడ్డాడు.

ఆ లోటు మా అమ్మ పూడ్చింది. మౌస్ కదిలితే కంప్యూటర్ మేలుకుంటుందని చెప్పాక, పావుగంటకోసారి వంటింట్లోంచి వచ్చి, తడిచేతులు తగలకుండా మణికట్టుతో దాన్ని ఇటూ అటూ తోసి పోయేది. పప్పు పొంగుతున్నా పోయేది. పూజలో ఉన్నా, మంత్రం ఆపకుండా పోయేది. మధ్యాహ్నం కునుకు మానేసింది. “ఈ ఎలకని జోకొట్టాలో లేపాలో అర్థం కావట్లేదురా,” అంది ఒకరోజు. కళ్ల కింద నల్లటి వలయాలొచ్చాయి. ఆవిడకప్పుడు అరవై ఎనిమిది.

హైందవికీ విసుగొచ్చింది. “నేను ముక్కులో వేలు పెట్టుకున్నా నీకు కనిపిస్తుందా నాన్నా?” అని అడిగింది.

“కనిపిస్తుంది.”

“నువ్వు చూస్తున్నావో లేదో మరి నాకెలా తెలుస్తుంది?”

మందు వేసుకున్నావా అని అడిగాను. మర్నాడు కెమెరా మీద చేతిరుమాలు కప్పి ఉంది. నేను ఫోన్ చేసి కేకలేశాను. రుమాలు తీసింది గానీ, ఆ రోజంతా కెమెరాకి వీపు పెట్టి కూర్చుంది.

సాయంత్రాలు మెట్ల దగ్గర ఇక్బాల్ బేగం గారు కనిపించేవారు. “సెలవులల్ల పిల్లను ఇంట్లనే బంద్ చేస్తే ఎట్ల బేటా? జర మా ఇంటికి పంపు. కుట్లు నేర్పిస్త, కథలు చెప్త. నాకు సుత టైంపాస్ అయితది.”

“దానికి డ్రాయింగ్ పరీక్ష ఉందండీ,” అనేది అమ్మ తలుపు సగం మూసి.

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడలేదనుకుంటుందట. మేం ముగ్గురు పెద్దవాళ్లం, చదువుకున్నవాళ్లం, అలా రెండు నెలలు గడిపాం. ముగ్గురంటే తప్పేమో. ఉదయ ప్రతి ఆదివారం అడుగుతూనే ఉంది. “చెబుదామండీ.” నేను ప్రతి ఆదివారం ఆగుదామనే అన్నాను.

మే నెలాఖరులో ఒక మంగళవారం. మధ్యాహ్నం రెండున్నర. క్లాసు మధ్యలో పిల్లలకి ఏదో రాసుకోమని చెప్పి మెసెంజర్ తెరిచాను. బూడిద. అమ్మ పావుగంట తప్పిందంటే కునుకు పట్టిందేమోలే అనుకున్నాను. ఐదు నిమిషాలాగాను. బూడిదే. ఇంటికి ఫోన్ చేశాను. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్లీ చేశాను. కునుకు పట్టినా లేవాలి కదా, పిల్లయినా ఎత్తాలి కదా. మూడోసారి చేస్తూనే మెట్లు దిగేశాను.

పంజాగుట్ట దగ్గర బండ్లన్నీ నిలిచిపోయి ఉన్నాయి. గుంతలోంచి ఏదో పెద్ద యంత్రం రోడ్డుకి అడ్డంగా వస్తోంది. ముందుకీ లేదు, వెనక్కీ లేదు. ఆ ఎండలో స్కూటర్ మీద కూర్చుని ఏడోసారి ఇంటికి చేశాను. మోగుతూనే ఉంది. ఫోన్లో పేర్లు వెతికాను. ఇక్బాల్ బేగం గారి సెల్ నంబరు నా దగ్గరుంది. నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుందో కనుక్కోడానికి తీసుకున్నాను, ఇంకెందుకూ వాడలేదు.

“ఆంటీ, నేను ఎదురింటి వంశీధర్‌ని.”

“ఆఁ, చెప్పు బేటా. ట్యాంకర్ వచ్చిందా?”

ఏదైనా అబద్ధం దొరుకుతుందేమోనని ఆ క్షణంలో కూడా వెతికాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను.

“మా హైందవికి ఫిట్స్ వస్తాయి ఆంటీ. ఇంట్లో ఫోన్ ఎత్తడం లేదు. నేను ట్రాఫిక్‌లో ఉన్నాను. ఒక్కసారి చూడండి.”

చెప్పుల చప్పుడు, తర్వాత తలుపు బాదిన చప్పుడు వినిపించాయి.

“తలుపు తీస్తలేరు బేటా. లోపల మనిషి ఉన్నట్టు ఎరికైతుంది. అమ్మగారూ! నేను, ఇక్బాల్ బేగంని! తలుపు తియ్యుండ్రి!” మళ్లీ నాతో, “ఉన్నరు లోపల. కానీ తీస్తలేరు.”

నాకు అర్థమైంది. గుట్టు బయటపడుతుందని అమ్మే తియ్యడం లేదు.

“ఆంటీ, ఫోన్ గట్టిగా వినిపించేలా పెట్టి తలుపుకి ఆనించండి,” అన్నాను. తర్వాత నడిరోడ్డు మీద అరిచాను. “అమ్మా! నేనే, వంశీని! తలుపు తియ్యి! ఆవిడకి చెప్పేశాను!”

చుట్టూ ఉన్న బండ్లవాళ్లు తిరిగి చూశారు. ఫోన్లో గడియ తీసిన చప్పుడు వినిపించింది.

“యా అల్లా,” అన్నారు బేగం గారు మెల్లగా.

“పక్కకి తిప్పండి ఆంటీ. నోట్లో ఏమీ పెట్టకండి.”

“తిప్పిన. తల కింద నా చున్నీ పెట్టిన. నోట్ల నురగ వస్తుంది, తుడుస్తున్న. నువ్వు జర గమ్మునుండు బేటా, నన్ను చూసుకోనియ్యి.” తర్వాత ఎంతసేపో. ఆ ఎంతసేపు ఎంతో నాకిప్పటికీ తెలీదు. “ఆగింది. ఊపిరి మంచిగ తీసుకుంటుంది. ఫికర్ లేదు. నువ్వు నెమ్మదిగ రా, ఉరకకు.”

నేను వెళ్లేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. హైందవి మంచం మీద పడుకుని నిద్రపోతోంది. కణత దగ్గర కుర్చీ కోడు తగిలి చిన్న గాయం, దాని మీద పసుపు. బేగం గారు పక్కన కూర్చుని దాని పాదాలు రుద్దుతున్నారు. అమ్మ నేల మీద, గోడకి జారగిలబడి ఉంది. చేతిలో తాళాలు. చీర కొంగు ఒక చివర ముద్దగా తడిసి, పళ్లగాట్లు పడి ఉంది.

“అరవలేదురా,” అంది నన్ను చూసి. “ఒకసారి తగ్గి మళ్లీ వచ్చింది. ఫోన్ మోగుతోంది, పిల్లని వదిలి ఎలా వెళ్లను? అరుపొచ్చేస్తుందని కొంగు నోట్లో కుక్కుకున్నాను. నాలుగిళ్లకీ వినబడుతుందని. ఈవిడ తలుపు కొడుతుంటే... వెళ్లిపోతే బాగుండునని దణ్ణం పెట్టుకున్నానురా. పిల్ల అలా కొట్టుకుంటుంటే, తలుపు అవతల మనిషి వెళ్లిపోవాలని దణ్ణం పెట్టుకున్నాను.”

నేను అమ్మ పక్కన కూలబడ్డాను. ఆవిణ్ణి ఏమనగలను? ఆ మాట గడప దాటకూడదని అన్నది ఆవిడ. సరే అన్నది నేను.

బేగం గారు లేచి వంటింట్లోకి పోయి, ఎవరినీ అడక్కుండా గ్లాసు వెతికి, నీళ్లు తెచ్చి అమ్మ చేతికిచ్చారు. “తాగుండ్రి. బిడ్డ మంచిగుంది,” అన్నారు. అమ్మ ఆ నీళ్లు తాగింది. ఏడు గంటలకి వచ్చిన ఉదయ అంతా వింది. అప్పటికప్పుడు పాయసం కాచి, గిన్నెలో పోసుకుని ఎదురింటికి వెళ్లి గంట కూర్చుని వచ్చింది. నన్ను తిట్టి ఉంటే తేలికపడేవాణ్ణి.

మర్నాడు ఐలయ్యకి చెప్పాను. అంతా చెప్పాను. సాయంత్రం మా ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. వైర్‌లెస్ కార్డు పేరున్న చోటికి పోయి, ‘కరెంటు ఆదా కోసం దీన్ని ఆపవచ్చు’ అన్న గడిలో టిక్కు తీసేశాడు. రెండు నిమిషాలు పట్టలేదు.

“ఇంతేనా?” అన్నాను.

“గింతే సార్. గప్పుడే చెప్తే గప్పుడే అయిపోవు.” లేస్తూ లేస్తూ గోడ మీద మందుల కాగితం చూశాడు. “మా తమ్మునికి సుత ఉండె. ఇప్పుడు లారీ ఆఫీసుల గుమాస్తా, ఇద్దరు పిల్లలు. మందులు మాత్రం తప్పొద్దు సార్.”

తర్వాత జూన్. కంప్యూటర్ పొద్దున్నుంచి సాయంత్రం దాకా పలుకుతూనే ఉండేది. ఎప్పుడు తెరిచినా గది కనిపించేది. పిల్ల మాత్రం సగం సార్లు కనిపించేది కాదు, ఎదురింట్లో బొంత కుడుతూ ఉండేది. మా తలుపుకి పగలు గడియ పెట్టడం మానేశాం. వెళ్లేముందు కాగితం మీద ‘బేగం నానీ ఇంట్లో’ అని రాసి కెమెరా ముందు పెట్టి పోయేది. నానీ అంటే అమ్మమ్మ అని ఆవిడే నేర్పారు. అయినా నా గుండె దడ తగ్గిందని చెప్పలేను. రోజుకి ఇరవైసార్లు చూసేవాణ్ణి. ఆ మంగళవారం సాయంత్రమే చూపిస్తే డాక్టరు గారు మందు మోతాదు పెంచారు, పని చేస్తుందో లేదో చూడాలన్నారు. పిల్లకి బళ్లో ఏమవుతుందోనని ఇంకో దిగులు.

బళ్లు తెరవడానికి రెండు రోజుల ముందు, సాయంత్రం నాలుగింటికి, రెండు బ్యాచ్‌ల మధ్య ఖాళీలో మెసెంజర్ తెరిచాను. హైందవి కొత్త పుస్తకాలకి అట్టలు వేసుకుంటోంది. అమ్మ పక్కన మంచం మీద కూర్చుని పేర్ల చీటీలకి బంక రాస్తోంది. చూస్తుండగానే పిల్ల చేతిలో కత్తెర జారింది. భుజం ఒకవైపుకి లాక్కుపోయింది. నేను కుర్చీలోంచి సగం లేచి అలాగే ఉండిపోయాను.

అమ్మ దాన్ని పట్టుకుని నేల మీదకి దింపింది. పక్కకి తిప్పింది. తల కింద దిండు తోసింది. గోడ గడియారం వైపు చూసింది. తర్వాత తలుపు వైపు తిరిగి నోరు తెరిచింది. ఆ కెమెరాకి బొమ్మే గానీ మాట రాదు. మెడ నరాలు తేలడం మాత్రం కనిపించింది. మా అమ్మ అంత నోరు తెరిచి అరవడం నా జన్మలో చూడలేదు. ఒకసారి కాదు, ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ అరిచింది.

ముప్పై లెక్కపెట్టేలోగా బేగం గారు పిండిచేతులతో వచ్చి పడ్డారు. వెనకే పైఅంతస్తు అరుణాదేవి గారు. ఆవిడ వెనక నాకు పేరు కూడా తెలియని ఇంకొకావిడ, చేతిలో విసనకర్ర. ఒకరు కుర్చీ జరిపారు, ఒకరు కిటికీ తెరిచారు, ఒకరు అమ్మ భుజం మీద చెయ్యి వేశారు. అందరూ చుట్టూ వంగేసరికి ఆ బొమ్మలో వీపులు తప్ప ఏమీ మిగల్లేదు. మా పిల్ల నాకు అసలు కనిపించడం లేదు. ఆ ఎండాకాలం మొత్తంలో, పిల్ల కనిపించకపోయినా నాకు భయం వెయ్యనిది ఆ ఒక్కసారే.

తలుపు దగ్గర తర్వాతి బ్యాచ్ పిల్లలు వచ్చి నిలబడ్డారు. “సార్, క్లాస్ ఉందా?”

“మా అమ్మాయికి ఫిట్స్ వచ్చాయి,” అన్నాను. “ఇంటికి వెళ్లొస్తాను.”